పాలమూరు సంస్థానాల అశ్వ సంప్రదాయం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలోనూ, కృష్ణకు ఉత్తరాన వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లోనూ పాలించిన సంస్థానాధీశులు తరతరాలుగా గుర్రపు దళాలను పోషించారు. 17వ శతాబ్దం చివరి నుంచి 1949లో సంస్థానాలు రద్దయ్యేదాకా ఈ సంప్రదాయం మూడు దశలు చూసింది. మొదట గుర్రం యుద్ధ సాధనం. తర్వాత నిజాము ముందు సంస్థానం పరపతిని నిలబెట్టే బలం. చివరికి దర్బారు మర్యాద, పోలో, పందెం. గద్వాల కోట కట్టించిన సోమనాద్రి మొదటి దశకు, వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు రెండో దశకు, హైదరాబాదులోని గోల్కొండ బ్రిగేడు పోలో జట్టు మూడో దశకు ప్రతినిధులు. ఈ కథను చాలాకాలం దొరల పేర్లతోనే చెప్పుకొచ్చారు. కాని గుర్రాన్ని మేపి, మాలీషు చేసి, దాని వీపు మీద ప్రాణాలొడ్డిన రౌతులను, గుర్రపు కాపరులను పక్కన పెడితే మిగిలేది సగం చరిత్రే.

ప్రాంతం, సంస్థానాలు

పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా పరిధిలో ఐదు సంస్థానాలను ప్రముఖంగా చెబుతారు: గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట. జటప్రోలు దొరల రాజధాని కొల్లాపురం ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. ఆత్మకూరు కేంద్రంగా సాగిన అమరచింత, దానితోపాటు గోపాలపేట ఇప్పుడు వనపర్తి జిల్లాలోకి వచ్చాయి. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 2016 అక్టోబరు 11న విడి జిల్లాలయ్యాయి. గద్వాల, అలంపురం తాలూకాలు ఒకప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 రాష్ట్రాల పునర్విభజనలో అవి మహబూబ్‌నగర్‌లో కలిశాయి.

సంస్థానాలు జాగీర్ల వంటివి కావు. జాగీరు నిజాము ఇచ్చిన ఈనాం. సంస్థానాధీశుల్లో చాలామంది మాత్రం నిజాముల కంటే ముందు నుంచీ ఆ నేల మీద ఉన్నవారు. విజయనగర, కుతుబ్‌షాహీ కాలాల్లో పెత్తనం సంపాదించి, పాలకులు మారినప్పుడల్లా కొత్తవారికి కప్పం ఒప్పుకుంటూ నిలబడ్డ కుటుంబాలవి. ఏటా నిర్ణీత పేష్కషు చెల్లిస్తే చాలు, శిస్తు వసూలు, న్యాయం, పోలీసు వారి చేతుల్లోనే ఉండేవి. గద్వాలకు సొంత నాణెం కూడా ఉండేది. 20వ శతాబ్దం తొలినాళ్ల గెజిటీరు లెక్కల్లో గద్వాల సంస్థానం విస్తీర్ణం 864 చదరపు మైళ్లు, గ్రామాలు 214. వనపర్తి సుమారు 450 చదరపు మైళ్లు, గ్రామాలు 124. ఇంత నేలను కాపాడుకోవడానికి, శిస్తు రాబట్టడానికి, పక్క నవాబు దాడి చేస్తే ఎదుర్కోవడానికి వేగంగా కదిలే బలగం కావాలి. రోడ్లు, రైళ్లు లేని కాలంలో ఆ వేగం గుర్రానిదే.

దక్కనులో గుర్రం

మంచి యుద్ధాశ్వం దక్కనులో పుట్టేది తక్కువ. అరేబియా, పర్షియా దేశాల నుంచి ఓడల మీద దిగుమతి కావలసిందే. హుర్ముజు రేవు నుంచి విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ గుర్రాల కోసం, అవి దిగే రేవుల కోసం విజయనగర, బహమనీ, బీజాపూరు పాలకులు పోటీలు పడ్డారు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న రాయచూరు అంతర్వేది ఈ పోటీకి నడిబొడ్డు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించిన రాయచూరు యుద్ధం ఇక్కడే జరిగింది. నేటి గద్వాల ఈ అంతర్వేదికి తూర్పు కొస.

ఖరీదైన దిగుమతి గుర్రాలు రాజులకు, సర్దారులకు. సామాన్య రౌతు ఎక్కేది దేశవాళీ తట్టు గుర్రం. గద్వాలకు ఎగువన కృష్ణలో కలిసే భీమా నది లోయలో పెరిగిన భీమథడి గుర్రాలు మరాఠా సైన్యాల్లో పేరు మోశాయి. ఎత్తు తక్కువే అయినా అవి కొండదారుల్లో అలవకుండా నడిచేవి, తక్కువ మేతతో సరిపెట్టుకునేవి. నాందేడు జిల్లా మాలేగాంలో ఖండోబా జాతరతోపాటు సాగే పశువుల సంత నిజాం రాజ్యంలో పేరున్న గుర్రాల అంగడి.

గుర్రాన్ని కొనడం ఒక ఖర్చయితే నిలబెట్టుకోవడం అంతకు మించిన ఖర్చు. పాలమూరు చెలకల్లో పండే ఉలవలు దానికి ప్రధానమైన దాణా. వాటిని ఉడికించి గుగ్గిళ్లు చేసి పెట్టేవారు. పచ్చగడ్డి దొరకని ఎండకాలంలో జొన్న చొప్పే మేత. నీళ్లు పెట్టి, ఒళ్లు తోమి, లాయం శుభ్రం చేయడానికి కాపరి, లాడాలు కొట్టడానికి కమ్మరి, జీను, కళ్లెం, పగ్గాలు కుట్టడానికి తోలుపని తెలిసినవారు, రోజూ గడ్డి కోసి తెచ్చే కూలీలు ఉండాలి. అందుకే లాయంలో వంద గుర్రాలున్న దొర కింద వందల కుటుంబాలు బతికేవి. గుర్రం లక్షణాలు, సుడులు, రోగాలు, వైద్యం చెప్పే అశ్వశాస్త్రాన్ని మనుమంచి భట్టు హయలక్షణ విలాసం పేరుతో తెలుగులో కావ్యంగా కూర్చాడు. తెలుగు దేశపు దొరలకు ఆ విద్య ఎంత అవసరమైందో దీన్నిబట్టే తెలుస్తుంది.

రౌతుల్లో రెండు తెగలుండేవి. సొంత గుర్రం, సొంత ఆయుధాలతో వచ్చి కొలువులో చేరేవాడు శిలేదారు. దొర లాయంలోని గుర్రం ఎక్కి జీతానికి పనిచేసేవాడు బారుగీరు. యుద్ధంలో గుర్రం చస్తే శిలేదారు బతుకుతెరువు పోయినట్టే. బారుగీరుకు ఆ భయం లేదు, కాని జీతం తక్కువ, గౌరవం తక్కువ. శిలేదార్ల మీద ఆధారపడిన దొర సైన్యం ఎప్పుడైనా చెదిరిపోవచ్చు. బారుగీర్లను పోషించగల దొరది కదలని బలం. సంస్థానాల సైనిక శక్తిని అంచనా వేయడానికి ఈ తేడాను గమనించడం అవసరం.

సోమనాద్రి

గద్వాల ముష్టిపల్లి వంశీయుల్లో మొదటగా చెప్పుకోవలసినవాడు సోమనాద్రి. పెద సోమభూపాలుడని కూడా అంటారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక కుతుబ్‌షాహీ పాలన ముగిసింది. 1724లో నిజాముల్ముల్క్ హైదరాబాదులో స్థిరపడేదాకా దక్కనులో గట్టి అధికారం లేదు. ఎవరి కత్తి పొడవు వారిదే. ఆ సందులో పరగణా శిస్తు పెత్తనం చూసే చిన్న నాడగౌడ కుటుంబం నుంచి ఎదిగి, పూడూరు నుంచి గద్వాలకు పీఠం మార్చి, 18వ శతాబ్దం మొదటి దశకంలో మట్టికోట కట్టించినవాడు సోమనాద్రి. కోటలోని చెన్నకేశవస్వామి గుడిని కట్టించిందీ ఆయనేనని చెబుతారు.

ఆయన శత్రువులు పొరుగునే ఉన్నారు. తుంగభద్ర అవతల కర్నూలులో పఠాను నవాబులు, నడిగడ్డ అని పిలిచే ఈ రెండు నదుల నడుమ నేలలోనే ఉప్పేరు పాలకులు, రాయచూరు వైపు మొగలు ఫౌజుదార్లు. రెండు నదుల మధ్య ఇరుకు నేలలో కోటను ముట్టడించనివ్వకుండా ఉండాలంటే ముందే వెళ్లి ఎదుర్కోవాలి, ఓడితే శత్రువు నది దాటకముందే వెనక్కి రావాలి. ఇది రౌతుల యుద్ధం. అందుకే సోమనాద్రిని గురించి జనం చెప్పుకునే కథల్లో ఆయన కత్తి కంటే ఆయన గుర్రానికే పేరెక్కువ.

వాటిలో ప్రసిద్ధమైనది గుర్రం దొంగతనం కథ. సోమనాద్రి బలమంతా ఆ గుర్రంలోనే ఉందని నమ్మిన శత్రువులు ఒక రాత్రి దాన్ని అపహరించి తమ దండులో కట్టేసుకున్నారు. గుర్రం లేని దొర యుద్ధం ఆపుకునే స్థితికి వచ్చాడు. అప్పుడు ఆయన సేవకుడొకడు శత్రువు దండులోకి చొరబడి గుర్రం దగ్గరి గడ్డిలో దాక్కున్నాడు. కాపలావాళ్లు పగ్గం కట్టడానికి గూటం దిగగొడితే అది వాడి చేతిలోంచి నేలలోకి దిగింది. వాడు నోరు మెదపలేదు. దండు నిద్రపోయాక గూటం కింద చిక్కిన చేతిని తానే నరుక్కుని, గుర్రమెక్కి, తెల్లవారేసరికి దొర ముందు నిలిచాడు. మర్నాటి యుద్ధంలో సోమనాద్రి గెలిచాడు.

ఊరూరా పేర్లు, వివరాలు మారుతూ వచ్చిన ఈ కథను చరిత్రపత్రంగా తీసుకోనక్కర్లేదు. ఐతే జనం దేన్ని గుర్తుపెట్టుకున్నారన్నది ముఖ్యం. దొర వీరత్వం గురించిన కథలో అసలు వీరుడు సేవకుడు. రాజ్యం నిలిచింది వాడి చెయ్యి పోయినందువల్ల. గద్వాల ప్రాంతంలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) సోమనాద్రి వృత్తాంతాన్ని తన హైందవ ధర్మవీరులు సంపుటంలో చేర్చి తెలుగువారందరికీ అందించారు. రాజుల వంశావళికి బదులు జనం తిండి, బట్ట, వృత్తులే చరిత్రకు సరుకని నిరూపించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిందీ ఆయనే. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైందీ ఆయనే.

1800: అంతర్వేదిలో ఐర్లండు దొర

సోమనాద్రి తర్వాత దాదాపు తొంభై ఏళ్లకు ఈ అంతర్వేదిలోనే మరో రకం రౌతు కనిపించాడు. డబ్లిన్‌లో 1769లో ఆంగ్లో-ఐరిష్ కులీన కుటుంబంలో, మార్నింగ్టన్ ఎర్ల్ కొడుకుగా పుట్టిన ఆర్థర్ వెల్లెస్లీ అప్పటికి బ్రిటిషు సైన్యంలో కల్నల్. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి సాగిన యుద్ధంలో నిజాము పంపిన బలగానికి ఆయనే సేనాని. శ్రీరంగపట్నం పడిపోయాక చెరసాల నుంచి తప్పించుకున్న ధోండియా వాఘ్ వేలాది రౌతులను కూడగట్టి, ఉభయ లోకాధీశుడనని ప్రకటించుకుని మైసూరు, మరాఠా సరిహద్దులను దోచుకోవడం మొదలుపెట్టాడు. వెల్లెస్లీ నెలల తరబడి వెంటాడి 1800 సెప్టెంబరు 10న నేటి రాయచూరు జిల్లాలోని కోనగల్ దగ్గర అతన్ని అందుకున్నాడు.

పదాతిదళం వెనకబడిపోయింది. వెల్లెస్లీ చేతిలో ఉన్నవి రెండు బ్రిటిషు, రెండు మద్రాసు దేశీయ అశ్వదళాలు మాత్రమే. ఆ నాలుగింటినీ ఒకే వరుసలో నిలిపి, తానే ముందుండి దౌడు తీయించాడు. ధోండియా ఆ దాడిలో చనిపోయాడు. దిక్కులేకుండా మిగిలిన అతని చిన్న కొడుకు సలాబత్ ఖానును వెల్లెస్లీ చేరదీసి, చదువుకు డబ్బిచ్చాడు. వెల్లెస్లీ తన సైనిక జీవితంలో స్వయంగా నడిపిన అశ్వదాడుల్లో కోనగల్ దాడి ప్రధానమైనది. 1803లో అస్సాయే యుద్ధంలో ఆయన ఎక్కిన ఒక గుర్రం గుండు దెబ్బకు కూలితే, డయోమెడ్ అనే రెండో గుర్రానికి ఈటె దిగింది. 1815లో వాటర్లూలో ఎక్కిన కోపెన్‌హేగన్ గుర్రం కూడా ప్రసిద్ధి పొందింది.

పాలమూరు సంస్థానాలకు కోనగల్ ఒక హెచ్చరిక. ధోండియా సైన్యం పాత దక్కను పద్ధతిలో పోగైన శిలేదార్ల గుంపు. ఎదుటివారిది జీతం, కవాతు, ఒకే ఆజ్ఞ ఉన్న దళం. 1798 నుంచి నిజాము ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందాలు చేసుకున్నాక సంస్థానాల సొంత అశ్వబలంతో గెలవదగ్గ యుద్ధాలే మిగల్లేదు. దొరలకు గుర్రాలుండవచ్చు, వాటిని పొరుగువారి మీదికి తోలే స్వేచ్ఛ పోయింది.

వనపర్తి రౌతులు

ఈ కొత్త కాలంలోనూ అశ్వబలాన్ని పెంచిన సంస్థానం వనపర్తి. జనుంపల్లి వంశస్థులు 16వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చారు. మొదట సూగూరు వారి రాజధాని. 19వ శతాబ్దం ఆరంభంలో వనపర్తికి మారారు. ఆ శతాబ్దం మధ్యకాలంలో పాలించిన రాజా మొదటి రామేశ్వరరావు తన కాలపు తెలంగాణ దొరల్లో సైనిక విషయాల మీద విశేషంగా మనసు పెట్టినవాడు. ఈటె పట్టిన రౌతుల దళాలను, ఆఫ్రికా సంతతి వారితో ఒక అంగరక్షక అశ్వదళాన్ని ఆయన తీర్చిదిద్దాడు.

ఆఫ్రికా సైనికులు దక్కనుకు కొత్త కాదు. అబిసీనియా, తూర్పు ఆఫ్రికా తీరాల నుంచి బానిసలుగా, కూలి సైనికులుగా వచ్చిన హబ్షీలు (సిద్దీలు) బహమనీ కాలం నుంచీ ఇక్కడి సేనల్లో ఉన్నారు. వారిలో బానిసగా అమ్ముడుపోయి అహ్మద్‌నగర్ రాజ్యానికి కర్తాధర్తగా ఎదిగిన మలిక్ అంబర్ (మరణం 1626) మొగలు సైన్యాలను తేలికపాటి అశ్వదళాలతో ముప్పుతిప్పలు పెట్టాడు. సిద్దీలకు స్థానికంగా కులబంధాలు, భూబంధాలు ఉండవు కాబట్టి వారు పోషించిన దొరకే కట్టుబడి ఉంటారన్నది అప్పటి పాలకుల నమ్మకం. వనపర్తి దొర వారిని అంగరక్షకులుగా ఎంచుకోవడంలో ఈ లెక్క ఉంది. వారి వైపు నుంచి చూస్తే, పుట్టిన గడ్డకు తిరిగిపోయే దారి లేని మనుషులు పరాయి నేలలో కూడు, గౌరవం సంపాదించుకోగలిగిన కొద్ది దారుల్లో గుర్రపు కొలువొకటి.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. నిజాము ప్రభుత్వానికీ సంస్థానాలకూ ఉన్న సంబంధాన్ని ఇదే సామెతతో చెప్పవచ్చు. హైదరాబాదు దర్బారు బలహీనంగా ఉన్నంతకాలం సంస్థానాలు కప్పం ఆలస్యం చేసేవి, తమ దళాలను పెంచుకునేవి. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఆ పరిస్థితిని మార్చాడు. జిల్లాలు, తాలూకాలు, జీతగాళ్ల పోలీసు, క్రమబద్ధమైన సైన్యం ఏర్పడ్డాయి. దేశంలో 1857 తిరుగుబాటు తర్వాత సామంతుల సొంత సేనల మీద ఆంగ్లేయులకు అనుమానం పెరిగింది. ఇటువంటి వాతావరణంలో 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో వనపర్తి వారి ఆఫ్రికా అశ్వదళం నిజాము కొలువులోకి మారింది. సంస్థానం తన పదునైన ఆయుధాన్ని అప్పగించి, బదులుగా దర్బారులో ఆదరం, బిరుదులు పొందింది.

ఏసీ గార్డ్స్, ఫస్ట్ లాన్సర్

నిజాము ఆ రౌతులకు హైదరాబాదు నగరంలో, మాసాబ్‌ట్యాంకుకు దగ్గర్లో, నివాసం ఏర్పాటు చేశాడు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే దళం పేరే కాలక్రమంలో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరయింది. నిజాము ఊరేగింపుల్లో, ఈద్ దర్బారుల్లో ఈ దళం ముందు నడిచేది. 1948 పోలీసు చర్యతో హైదరాబాదు భారతదేశంలో కలిశాక దళం రద్దయింది. ఆ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. గుర్రపు కొలువు ఒక్కటే విద్యగా బతికిన ఇళ్లకు ఒక్కసారిగా జీతం, హోదా రెండూ పోయాయి. తర్వాతి తరాలు చిన్న ఉద్యోగాల్లో, కూలిపనుల్లో, ఆటల్లో, మర్ఫా వాద్యంలో నిలదొక్కుకున్నాయి. హైదరాబాదు పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా దరువును అరబ్బు, సిద్దీ కుటుంబాలే నగరానికి అలవాటు చేశాయి.

మెహదీపట్నం వైపున్న ఫస్ట్ లాన్సర్ ప్రాంతం కూడా నిజాము అశ్వదళం పేరు మోస్తున్నదే. 1890 దశకంలో బ్రిటిషు సామ్రాజ్య సేవ కోసం ఏర్పడిన హైదరాబాదు లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడుగా ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల రౌతులవి.

కదనం నుంచి మైదానానికి

యుద్ధం చేతిలోంచి పోయాక కులీనుల స్వారీ విద్యకు క్రీడలే దిక్కయ్యాయి. మణిపురి ఆట నుంచి ఆంగ్లేయులు నేర్చుకున్న పోలో 1859లో సిల్చార్ క్లబ్బుతో, 1862లో కలకత్తా క్లబ్బుతో దేశమంతా పాకింది. హైదరాబాదులో దాన్ని ఒక విద్యగా పెంచినవాడు అఫ్సరుల్ముల్క్. అసలు పేరు మీర్జా మహమ్మద్ అలీ బేగ్. ఆరో నిజాము మహబూబ్ అలీ పాషాకు అంగరక్షకుడుగా ఉండి, నిజాము సైన్యానికి సేనాధిపతి అయ్యాడు. ఆయన తీర్చిన గోల్కొండ బ్రిగేడు జట్టు దక్షిణ భారతంలో ఓటమి ఎరుగని జట్టుగా పేరు పొందింది.

ఆ జట్టు గొప్పతనం ఒక ఓటమి వల్ల ప్రపంచానికి తెలిసింది. 1896లో బెంగుళూరులో దిగిన నాలుగో హుస్సార్లనే బ్రిటిషు అశ్వదళం రెండు నెలలైనా గడవకముందే గోల్కొండ కప్పు కోసం హైదరాబాదు వచ్చింది. మొదటి పోటీలోనే గోల్కొండ జట్టు ఎదురైంది. ఆతిథ్య జట్టే గెలుస్తుందని చూసేవారంతా అనుకుంటే, 9-3 తేడాతో ఓడిపోయింది. గెలిచిన జట్టులో ఒకడు ఇరవై ఒక్కేళ్ల విన్‌స్టన్ చర్చిల్. తన ఆత్మకథలో ఆయన ఈ విజయాన్ని గొప్పగా చెప్పుకున్నది గోల్కొండ జట్టు అంతటిది కాబట్టే.

హైదరాబాదు రౌతులకు మరో ఇష్టమైన ఆట నేజాబాజీ. దౌడు తీస్తున్న గుర్రం మీద నుంచి వంగి, నేలలో పాతిన చిన్న చెక్క గూటాన్ని ఈటెతో గుచ్చి ఎత్తుకుపోవడం ఇందులో పరీక్ష. ఈటె మరీ కిందికి దిగితే నేలలో దిగబడి రౌతు పడిపోతాడు. పైకి లేస్తే గూటం తప్పిపోతుంది. గుర్రం అడుగు, రౌతు నడుము, ఈటె మొన మూడూ ఒక్క క్షణంలో కలవాలి. అశ్వదళాల కవాతులో భాగమైన ఈ ఆట 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పతకాల పోటీగా జరిగింది, స్వర్ణం భారతదేశానికే వచ్చింది.

పందేల చరిత్ర వేరు. 1868లో మౌలాలీలో మొదలైన హైదరాబాదు గుర్రపు పందేలను 1886లో మహబూబ్ అలీ పాషా తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు మార్చాడు. నిజాము రాకతో పందెం మైదానం దర్బారుకు కొనసాగింపయింది. సంస్థానాధీశులు హైదరాబాదులో దేవిడీలు కట్టుకుని ఏడాదిలో ఎక్కువకాలం అక్కడే గడపసాగారు. ఊళ్లోని లాయం కంటే నగరంలోని బగ్గీ వారికి ముఖ్యమైంది.

ఐర్లండు కులీనులతో పోలిక

గుర్రం కులీనతకు కొలత కావడం మరెన్నో సమాజాల్లో జరిగింది. వాటిలో పాలమూరు సంస్థానాలకు పోల్చదగినది ఐర్లండులోని ఆంగ్లో-ఐరిష్ వర్గం. వాళ్లూ పెద్ద భూస్వాములు, పైనున్న సామ్రాజ్యానికి విధేయులు, కింద కౌలుదార్ల శ్రమ మీద బతికినవారు. గుర్రపు పోటీల చరిత్రలో వారిది పెద్ద చేయి. 1752లో కార్క్ కౌంటీలో ఇద్దరు పెద్దమనుషులు బటెవాంట్ చర్చి శిఖరం నుంచి డోనరేల్ చర్చి శిఖరం దాకా గోడలు, కాలువలు దూకుతూ పందెం వేసుకున్నారు. స్టీపుల్‌చేజ్ పందేలకు అదే మూలమని చెబుతారు. మౌలాలీలో పందేలు మొదలైన 1868లోనే డబ్లిన్ గుర్రాల ప్రదర్శనలో దూకుడు పోటీలు ప్రవేశించాయి. 1873లో డబ్లిన్‌లో అఖిల ఐర్లండు పోలో క్లబ్బు ఏర్పడింది. 1886లో అమెరికాతో జరిగిన మొదటి వెస్ట్‌చెస్టర్ కప్పులో ఇంగ్లండు పోలో జట్టుకు నాయకుడు ఐర్లండువాడైన జాన్ వాట్సన్.

వారిలో భారతదేశంతో బాగా ముడిపడ్డవాడు లార్డ్ విలియం బెరెస్‌ఫర్డ్ (1847-1900). వాటర్‌ఫర్డ్ మార్క్విస్ మూడో కొడుకు, తొమ్మిదో లాన్సర్ల అధికారి. 1879లో జులూ యుద్ధంలో గాయపడ్డ సైనికుణ్ణి తన గుర్రం మీదికి ఎక్కించుకుని కాపాడి విక్టోరియా క్రాస్ పొందాడు. వరుసగా పలువురు వైస్రాయిల దగ్గర సైనిక కార్యదర్శిగా ఉంటూ, తన గుర్రం మయాల్ కింగ్‌తో కలకత్తా వైస్రాయి కప్పును పలుమార్లు గెలిచాడు.

రెండు వర్గాల ముగింపులోనూ పోలిక ఉంది. ఐర్లండులో 1903 నాటి భూచట్టం భూస్వాముల ఎస్టేట్లను కౌలుదార్లకు అమ్మించింది. హైదరాబాదులో 1949 ఆగస్టు 15 నాటి జాగీర్ల రద్దు సంస్థానాల పెత్తనాన్నీ ముగించింది. తేడా తర్వాతి కథలో ఉంది. ఐర్లండులో భూమి చేతులు మారినా గుర్రం రైతు ఇంట్లో నిలిచింది. చిన్న రైతులు మేలుజాతి గుర్రాలు పెంచి అమ్మే వ్యాపారం దేశానికి ఆదాయమైంది. పాలమూరులో గుర్రం దొర లాయంలోంచి రైతు కొట్టంలోకి రాలేదు. ఇక్కడి రైతుకు దున్నడానికి ఎద్దు కావాలి, గుర్రం తినే ఉలవలు అతని ఇంటి తిండి కూడా. కాబట్టి సంస్థానంతోపాటే లాయమూ ఖాళీ అయింది, దాన్ని నమ్ముకున్న పనివాళ్లు కొత్త బతుకులు వెతుక్కున్నారు.

సంస్థానాల అనంతరం

గద్వాలను చివరగా పాలించింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. భర్త సీతారాం భూపాల్ మరణం తర్వాత 1949 దాకా ఆమె సంస్థానాన్ని నడిపింది. అంతకుముందూ ఈ గద్దె మీద రాణులు కూర్చున్నారు. కత్తి, గుర్రం కాలం గడిచాక గద్వాల పేరు పండిత సభలతో, జరీ చీరలతో నిలిచింది. సోమనాద్రి కోటలో ఇప్పుడు మహారాణి పేరు మీద డిగ్రీ కళాశాల నడుస్తోంది.

వనపర్తి చివరి రాజు మూడో రామేశ్వరరావు (1923-1998) స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో చేరి ఆఫ్రికాలో దేశ ప్రతినిధిగా పనిచేశాడు. పూర్వీకులు ఆఫ్రికా మనుషులను అంగరక్షకులుగా పెట్టుకున్న ఇంటి నుంచి, స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఆఫ్రికా దేశాలకు స్నేహహస్తంగా ఒకడు వెళ్లడం చెప్పుకోదగ్గ మార్పు. ఆ తర్వాత మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపాడు. వనపర్తి రాజమహలు పాలిటెక్నిక్ కళాశాల అయింది. తల్లి సరళాదేవి పేరున ఆయన తలపెట్టిన సరళాసాగర్ చెరువు, నీరు నిండగానే తనంత తాను పారే సైఫన్లతో 1959లో పూర్తయింది.

గుర్రపు స్వారీ మాత్రం తెలంగాణలో కొత్త రూపాల్లో కొనసాగుతోంది. మలక్‌పేటలో హైదరాబాదు రేస్ క్లబ్ పందేలు నడుపుతోంది. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో యువ ఐపీఎస్ అధికారులు స్వారీ నేర్చుకుంటారు. నగర పోలీసులకు అశ్వదళం ఉంది. నగర శివార్లలో స్వారీ బడులు, పోలో మైదానాలు వెలిశాయి. ఇవన్నీ రాజధాని చుట్టూనే ఉన్నాయి. ఒకప్పుడు రౌతులను పంపిన గద్వాల, వనపర్తి, కొల్లాపురాలకు అవి దూరం.

ప్రాధాన్యం

పాలమూరు సంస్థానాల గుర్రాల చరిత్ర తెలంగాణ రాజకీయ చరిత్రను అర్థం చేసుకోవడానికి దగ్గరి దారి. ఏ దొర దగ్గర ఎన్ని గుర్రాలున్నాయి, అవి దొరవా రౌతువా, వాటిని ఎవరి ఆజ్ఞ మీద కదిలించాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఆ దొర ఎంత స్వతంత్రుడో తెలిసిపోతుంది. సోమనాద్రి కాలానికి మూడింటికీ జవాబు గద్వాలలోనే ఉంది. వనపర్తి రామేశ్వరరావు కాలానికి గుర్రాలు సంస్థానానివే అయినా ఆజ్ఞ హైదరాబాదుకు మారుతోంది. 20వ శతాబ్దానికి గుర్రం దొర మర్యాదలో ఒక వస్తువుగా మిగిలింది.

సామాజిక చరిత్రకు దీని విలువ ఇంకా పెద్దది. చెయ్యి పోగొట్టుకున్న గద్వాల సేవకుడు, వనపర్తి కొలువులో ఈటె పట్టిన సిద్దీ రౌతు, లాడం కొట్టిన కమ్మరి, గుగ్గిళ్లు ఉడికించిన కాపరి ఈ చరిత్రకు సమాన హక్కుదారులు. వారి గురించి రాతలో ఉన్నది తక్కువ, జనం నోట ఉన్నది ఎక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లోని కళాశాలలు సోమనాద్రి కథ చెప్పే వృద్ధులను, ఏసీ గార్డ్స్ కుటుంబాల పెద్దలను ఇప్పుడే కలిసి వారి మాటలు రికార్డు చేయాలి. సంస్థానాల దఫ్తర్లలోని లాయం ఖర్చుల చిట్టాలు, జీతాల పట్టీలు ఎక్కడున్నా భద్రపరచాలి. కోటలు, మహళ్లు చదువులకు నెలవైన ఈ జిల్లాల్లో ఆ పని చేయడానికి భవనాలూ ఉన్నాయి, విద్యార్థులూ ఉన్నారు.